జి.కొండూరు మీదుగా నాలుగు యూనివర్సిటీలు

విజయవాడ నుంచి కొండపల్లి దాటి మైలవరం, తిరువూరు వైపు పోయే రోడ్డు మీద ఉంది జి.కొండూరు. ఊరు ఉన్నచోటే ఉంది కానీ, ఆ చుట్టుపక్కల పిల్లల పట్టాల మీద సంతకం చేసే యూనివర్సిటీ మాత్రం మూడుసార్లు మారింది. 1857లో పుట్టిన మద్రాసు యూనివర్సిటీ ఏలుబడి నుంచి 1926లో ఆంధ్రా యూనివర్సిటీకి, అక్కడి నుంచి 1976లో నాగార్జునకు, 2008లో కృష్ణా యూనివర్సిటీకి ఈ మెట్ట ప్రాంతం చేతులు మారింది. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం, తిరువూరు అన్నింటిదీ ఇదే వరస. సరిహద్దు మారిన ప్రతిసారీ కొత్త యూనివర్సిటీ పాత కాలేజీలను ఉన్నవి ఉన్నట్టుగా అందుకుంది. అదే ఒక విద్యార్థి పెళ్లి వల్లనో, తండ్రి బదిలీ వల్లనో, కుటుంబం పనికోసం వలస పోవడం వల్లనో రెండేళ్లు చదివిన డిగ్రీని వేరే యూనివర్సిటీలో పూర్తి చేస్తానంటే మాత్రం టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, సిలబస్ నకళ్లు, సమానత్వ ధ్రువీకరణ అంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరిగి తిరిగి, చివరికి మొదటి సంవత్సరంలో చేరమన్న మాట వినాలి. సగంలో ఉన్న చదువు ఇంకోచోట చెల్లుతుందా లేదా అన్నది మన దగ్గర ఆ చదువు నాణ్యతను బట్టి తేలలేదు, ఎవరు ఎవరిని నమ్మారన్నదాన్ని బట్టి తేలింది. ఈ ప్రాంతపు నూట యాభై ఏళ్ల చదువుల చరిత్ర చూస్తే నాకు కనపడే సంగతి ఇదే. క్రెడిట్లు, క్రెడిట్ బ్యాంకులు వచ్చిన ఈ రోజుల్లో కూడా అది మారలేదు.

మద్రాసు యూనివర్సిటీ కాలంలో ఈ చిక్కు దాదాపు లేదు. అప్పట్లో యూనివర్సిటీ పాఠం చెప్పేది కాదు, పరీక్ష పెట్టేది. పాఠం చెప్పే పని ఊళ్లలోని కాలేజీలది. మెట్రిక్యులేషన్ తర్వాత రెండేళ్లకు ఎఫ్.ఎ., ఆపై రెండేళ్లకు బి.ఎ. ఎఫ్.ఎ. దాకా చెప్పే కాలేజీ రెండో తరగతిది, బి.ఎ. దాకా చెప్పేది మొదటి తరగతిది. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి ఇలాగే మెట్టుమెట్టుగా కాలేజీ అయింది. రెండో తరగతి కాలేజీలో ఎఫ్.ఎ. పాసైన కుర్రవాడు మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీకో, క్రిస్టియన్ కాలేజీకో పోయి మూడో ఏట కూర్చునేవాడు. నీ రెండేళ్ల చదువు మా రెండేళ్లతో సమానమేనా అని అక్కడ అడిగేవాళ్లు లేరు, ఎందుకంటే రెండుచోట్లా దిద్దింది ఒకే యూనివర్సిటీ. అమెరికాలో జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలై, రెండేళ్లు అక్కడ, తర్వాత రెండేళ్లు పెద్ద యూనివర్సిటీలో అనే పద్ధతికి తొలి కాలేజీగా పేరు తెచ్చుకుంది. తెలుగు జిల్లాల్లో అంతకు ముందే రెండు ప్లస్ రెండు నడిచింది.

ఆ రోజులు బంగారు రోజులని చెప్పడం నా ఉద్దేశం కాదు. నందిగామ తాలూకా నుంచి బందరు చేరడమే గొప్ప. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు 1899లో గాని రాలేదు. మద్రాసులో రెండేళ్లు ఉండి తినే ఖర్చు పెట్టుకోగలిగిన ఇళ్లు ఎన్నో కావు, ఆడపిల్లలకు, దళితులకైతే దాదాపు దారే లేదు. నందిగామలో పుట్టి, బెజవాడలో వకీలుగా స్థిరపడి, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు లాంటి వాళ్లు ఆ ఇరుకు దారిలో నడిచిన కొద్దిమంది. పైగా పరీక్ష ఒక్కటే కొలమానం కావడంతో బట్టీ చదువు బలిసింది. ఆ లోపాన్ని తర్వాతి తరం విద్యావేత్తలు గట్టిగానే విమర్శించారు. కానీ ఒక్క విషయంలో ఆ వ్యవస్థ ఇప్పటికంటే మెరుగు. కాలేజీ మారినంత మాత్రాన పూర్తయిన చదువు పోయేది కాదు. ఇంగ్లీషు ఒక భాగం, రెండో భాష ఒక భాగం, ఐచ్ఛిక విషయాలు ఒక భాగం అని పరీక్షను విడదీసే పద్ధతి కూడా ఈ మద్రాసు సంప్రదాయం నుంచే వచ్చింది. మన డిగ్రీ మార్కుల జాబితాల్లో పార్టు 1, పార్టు 2 అని మొన్నమొన్నటి దాకా ఉన్నది దాని ఆనవాలే. పాసైన భాగం పాసైనట్టే, మిగిలింది మాత్రమే మళ్లీ రాయాలి. చదువును ముక్కలుగా కూడబెట్టుకోవచ్చన్న ఆలోచన మనకు కొత్తగా దిగుమతి కాలేదు.

1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది. మొదట దాని కార్యస్థానం బెజవాడే, వాల్తేరుకు మారింది 1930లో. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ చాన్సలర్. తెలుగు జిల్లాల కాలేజీలు మద్రాసు నుంచి విడిపడి దీని కిందికి వచ్చాయి. కొన్నేళ్లకే రాయలసీమ కాలేజీలు తిరిగి మద్రాసు కిందికి వెళ్లాయి. 1954లో తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఏర్పడేదాకా వాటి సంగతి అదే. ఇటు కృష్ణా జిల్లాలో 1937లో విజయవాడలో ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కాలేజీ, 1950లలో లయోలా కాలేజీ ఆంధ్రా యూనివర్సిటీ కింద పెరిగాయి. 1967లో గుంటూరులో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ కేంద్రంగా మొదలైనదే 1976లో నాగార్జున యూనివర్సిటీ అయి, కృష్ణా, గుంటూరు కాలేజీలను తీసుకుంది. 2008లో బందరు కేంద్రంగా కృష్ణా యూనివర్సిటీ పుట్టి జిల్లా కాలేజీలను తన కిందికి తెచ్చుకుంది. ఇన్ని మార్పుల్లోనూ ప్రభుత్వాలు, సెనేట్లు ఒక సూత్రాన్ని మాట్లాడకుండానే ఒప్పుకున్నాయి: పక్క యూనివర్సిటీ పర్యవేక్షణలో జరిగిన చదువు నమ్మదగినది. వేలమందికి ఒక్క చట్టంతో వర్తించిన ఆ నమ్మకం, ఒక్కరు వచ్చి కౌంటరు దగ్గర నిలబడితే ఎందుకు మాయమవుతుంది?

డిగ్రీ అన్నది ఎక్కడ మొదలవుతుందో కూడా స్థిరంగా లేదని గుర్తుంచుకుంటే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో బడి పదకొండేళ్లు, ఇంటర్మీడియట్ రెండేళ్లు, డిగ్రీ రెండేళ్లు: మొత్తం పదిహేను. ఇంటర్మీడియట్ అప్పుడు యూనివర్సిటీ చదువు, కాలేజీ గోడల మధ్య యూనివర్సిటీ పరీక్షతో ముగిసేది. 1950ల రెండో సగంలో దాన్ని తీసేసి ఒక ఏడాది పి.యు.సి., మూడేళ్ల డిగ్రీ పెట్టారు. పదకొండు, ఒకటి, మూడు కలిపితే మళ్లీ పదిహేనే. 1969లో మన రాష్ట్రం పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్మీడియట్, మూడేళ్ల డిగ్రీకి వచ్చింది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. అప్పుడూ పదిహేనే. విద్యార్థి తరగతి గదిలో గడిపే ఏళ్లు మారలేదు. వాటిలో ఎన్నింటిని కాలేజీ చదువుగా లెక్కపెట్టాలన్న గీత మాత్రం అటూ ఇటూ జరిగింది. ఈ గీత జరగడం ఆఫీసు ఫైలుకే పరిమితమైన వ్యవహారం కాదని తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు పిల్లలకు తెలిసొచ్చింది. అక్కడ బడి పన్నెండేళ్లు, బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లు, మొత్తం పదహారు. మూడేళ్ల బి.ఎస్సీ.ని పూర్తి బ్యాచిలర్ డిగ్రీగా ఒప్పుకోని యూనివర్సిటీలు అక్కడ చాలానే ఉన్నాయి. అందుకే బి.ఎస్సీ. చదివినవాళ్లు ఇక్కడ ఎం.ఎస్సీ.యో, ఎం.సి.ఎ.యో పూర్తి చేసి, మళ్లీ అక్కడ ఎం.ఎస్.లో చేరడం ఒక తరంపాటు మామూలైంది. అదే 1940ల నాటి మద్రాసు లెక్కలో చూస్తే మన బి.ఎస్సీ.కి నాలుగేళ్ల కాలేజీ చదువు ఉన్నట్టు. యూరప్‌లో 1999 నాటి బొలోనా ఒప్పందం తర్వాత మూడేళ్ల డిగ్రీ సర్వసాధారణం కాబట్టి అక్కడ ఈ పేచీ అంతగా లేదు. పదిహేనేళ్ల చదువు ఒకచోట చాలుతుంది, ఒకచోట ఒక ఏడాది తక్కువవుతుంది. తేడా చదువులో ఉందా, లెక్కపెట్టే వాళ్లలో ఉందా?

జగ్గయ్యపేట వైపు వెళ్తే ఇంకో రకం గోడ కనిపిస్తుంది. 1948 దాకా ఆ పట్టణం దాటితే నిజాం రాజ్యం. ఇటు మద్రాసు, ఆంధ్రా యూనివర్సిటీల ఇంగ్లీషు చదువు, అటు 1918 నుంచి ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా. కోదాడ ఎంత దగ్గరైనా చదువుల లెక్కలో వేరే దేశమే. అయితే గోడకు కిటికీలు లేకపోలేదు. హైదరాబాదు నడిబొడ్డున 1887లో ఏర్పడ్డ నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు యూనివర్సిటీకే అనుబంధంగా ఉంది, అంటే నిజాం రాజధానిలో కూర్చుని మద్రాసు బి.ఎ. రాయవచ్చు. యూనివర్సిటీలు పరస్పరం ఒప్పుకుంటే రాజ్యాల సరిహద్దు కూడా అడ్డు కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి. దీనికి మించినది 1938లో జరిగింది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థుల్ని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. అప్పటి వైస్ చాన్సలర్ టి.జె. కేదార్ ఆ నిర్ణయానికి అండగా నిలిచారు. ఆ ఉద్యమంతో చదువు చెదిరిన వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు, తర్వాత నాగపూర్‌లోనే లా చదివారు. మాధ్యమం వేరు, పాలన వేరు, సిలబస్ వేరు, పైగా ఆ పిల్లల్ని పంపించిన యూనివర్సిటీ వాళ్ల మీద కోపంగా ఉంది. అయినా నాగపూర్ చేర్చుకుంది. సమానత్వం కుదరదని తోసిపుచ్చే ప్రతి ఆఫీసుకూ ఈ ఉదాహరణ గట్టి జవాబని నా అభిప్రాయం.

చదువుకు ఒక కొలతగా క్రెడిట్ వస్తే ఈ బాధలన్నీ తీరతాయని చాలామంది నమ్మారు. దాని పుట్టుక చూస్తే ఆ నమ్మకానికి ఎంతవరకు ఆధారం ఉందో తెలుస్తుంది. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో విద్యార్థులు తమ కోర్సుల్ని తామే ఎంచుకునే పద్ధతిని విస్తరించారు. ఎవరి కోర్సులు వారివైతే అందర్నీ కొలవడానికి ఒక కొలత కావాలి. ఆ కొలత స్థిరపడడానికి ప్రొఫెసర్ల పెన్షన్లు కూడా ఒక కారణం. ఆండ్రూ కార్నెగీ డబ్బుతో ఏర్పడ్డ ఫౌండేషన్ పెన్షన్ ఇవ్వాలంటే ముందు ఏది కాలేజీయో, ఏది కాదో తేల్చాలి. అందుకోసం హైస్కూల్లో ఒక విషయం 120 గంటలు చదివితే ఒక యూనిట్ అని, కాలేజీలో చేరాలంటే ఇన్ని యూనిట్లు ఉండాలని నియమం పెట్టింది. ఆ గంటల లెక్క కాలేజీలకూ పాకింది. బ్యాచిలర్ డిగ్రీకి సుమారు 120 సెమిస్టర్ క్రెడిట్లు అన్న ఇప్పటి అమెరికన్ ఆనవాయితీ ఆ దారిలో వచ్చిందే. అంటే క్రెడిట్ గంటల్ని కొలుస్తుంది, జ్ఞానాన్ని కొలుస్తానని అది ఏనాడూ మాట ఇవ్వలేదు. తెలుగు నేలకు ఈ కొలత తొందరగానే వచ్చింది, అదీ వ్యవసాయం ద్వారా. 1964లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సాయంతో అమెరికన్ నమూనాను తెచ్చుకుంది. ఆర్ట్స్, సైన్స్ కాలేజీలు ఏడాది చివర ఒక్క పరీక్షతో నెట్టుకొస్తున్న రోజుల్లోనే వ్యవసాయ విద్యార్థులకు క్రెడిట్లు, గ్రేడ్లు, అంతర్గత మూల్యాంకనం మామూలు మాటలయ్యాయి. మామూలు డిగ్రీ కాలేజీలకు క్రెడిట్ చేరింది 2015 ప్రాంతంలో, చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టం పేరుతో.

అయితే క్రెడిట్‌కు పుట్టినిల్లయిన అమెరికాలోనే క్రెడిట్ చేతిలో ఉన్నా చెల్లుబాటు ఖాయం కాదు. 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా కట్టింది. దీన్ని చూసి, చూశారా, కొలత ఉన్నా నాణ్యత కలవలేదు, అందుకే ఒప్పుకోలేదు అని కొందరు అంటారు. యూనివర్సిటీ తన పేరును కాపాడుకోవాలి, ఎక్కడో ఎలాగో చదివిన దానికి తన పట్టా ఇవ్వకూడదు అన్నది వాళ్ల వాదన. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది గణితం సరిగా రాని వాణ్ని మూడో ఏట కూర్చోబెడితే నష్టపోయేది వాడే. కానీ ఈ ఆందోళన నిజమైన చోట మన వ్యవస్థే పరిష్కారం కనుక్కుంది. పదో తరగతి తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరుతున్నారు. ఇంటర్మీడియట్ రెండేళ్లు, బి.టెక్. మొదటి ఏడాది, మొత్తం మూడు. డిప్లొమా కూడా మూడు. వేరే బోర్డు, వేరే సిలబస్, వేరే పరీక్ష. అయినా రాష్ట్రం రెండింటినీ సమానంగా చూసింది, సందేహం తీర్చుకోవడానికి ఒక ప్రవేశ పరీక్ష పెట్టుకుంది. మైలవరంలో 1998 నుంచి నడుస్తున్న ఇంజనీరింగ్ కాలేజీతో సహా ఈ చుట్టుపక్కల కాలేజీల్లో ఇలా చేరిన పాలిటెక్నిక్ పిల్లలు ఇంటర్ నుంచి వచ్చిన వాళ్ల పక్కనే కూర్చుని చదువుతున్నారు. ఇంకోటి చూడండి. ఇంజనీరింగ్ కోర్సులు నడిపే జె.ఎన్.టి.యు. కొన్నేళ్లకొకసారి నిబంధనలు మారుస్తుంది, ఆర్16, ఆర్19, ఆర్20 అని. వెనకబడి కింది బ్యాచ్‌లో చేరిన విద్యార్థికి పాత నిబంధనల్లో పాసైన సబ్జెక్టుకు కొత్త నిబంధనల్లో ఏది సమానమో యూనివర్సిటీయే చెప్తుంది. కాలం మారినప్పుడు గీయగలిగిన సమానత్వ పట్టికను ఊరు మారినప్పుడు గీయలేమనడం నాకు సబబుగా తోచదు.

అసలు మారాలనుకునే వాళ్లే తక్కువ కదా, వాళ్ల కోసం ఇంత హడావుడి ఎందుకు అన్నది ఇంకో మాట. మూసి ఉన్న తలుపు దగ్గర జనం కనపడరు. జి.కొండూరు, కుంటముక్కల, చెవుటూరు లాంటి ఊళ్ల నుంచి డిగ్రీలో చేరిన ఆడపిల్లకు రెండో ఏట పెళ్లయి ఖమ్మం జిల్లాకు పోతే, ఆమె రెండేళ్ల చదువు కాకతీయ యూనివర్సిటీ దాకా చేరడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆమె అడగదు, చదువు మానేస్తుంది. మారినవాళ్ల లెక్కలో ఆమె లేదు, మానేసినవాళ్ల లెక్కలో ఉంది. 2014 తర్వాత ఆ ఖమ్మం ఇంకో రాష్ట్రం కూడా అయింది. ఇలాంటి వాళ్లకు ఒక దారి చూపింది 1982లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, జి. రామ్‌రెడ్డి దాని మొదటి వైస్ చాన్సలర్, 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్న ధైర్యం దానిది. ఎక్కడ చదివావని కాక ఏం వచ్చని అడిగిన యూనివర్సిటీ అది. పట్టాల విలువ పడిపోతుందన్న భయం అప్పుడూ వినపడింది. ఆ చదువుతో ఉద్యోగాల్లో చేరినవాళ్లు, పై చదువులకు వెళ్లినవాళ్లు దానికి జవాబు.

ఇప్పుడు మన చేతిలో కొత్త పరికరం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత 2021 జూలైలో యు.జి.సి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అతని పేరున ఖాతాలో ఉంటాయి, గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు, ఏడాదికి 40 క్రెడిట్లు. మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్. నాణ్యత గురించి భయపడేవాళ్లకు ఆ సగం నియమమే పూచీ. కానీ ఈ నిబంధనల్ని జాగ్రత్తగా చదివితే ఒక ఖాళీ కనిపిస్తుంది. క్రెడిట్లు దాచే బాధ్యత బ్యాంకుది, తీసుకోవడమా మానడమా అన్నది మాత్రం ఇప్పటికీ చేర్చుకునే సంస్థ ఇష్టం. ఖాతాలో 80 క్రెడిట్లు ఉన్న పిల్లను మొదటి సెమిస్టర్‌లో చేరమనడానికి అడ్డేమీ లేదు. పైగా ఖాతా ఆన్‌లైన్‌లో ఉన్నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ కాలేజీ బీరువాలో ఉంటాయి. ఫీజు బకాయి పేరుతోనో, మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కట్టి పొమ్మనో వాటిని ఆపేసే అలవాటు ఎంత ముదిరిందంటే, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యు.జి.సి. 2018లో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

ఈ కొత్త విధానం మీద వచ్చే అభ్యంతరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే ఉంది. ఏడాదికో సర్టిఫికెట్, రెండేళ్లకో డిప్లొమా ఇచ్చి పంపే వెసులుబాటు పెడితే, పేద పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని ఇంట్లోవాళ్లు ఇక చాలు అని మధ్యలోనే ఆపేస్తారని కొందరు అధ్యాపకులు అంటున్నారు. ఈ మాటలో నిజముంది. మెట్ట ప్రాంతంలో పత్తి, మిర్చి దెబ్బతిన్న ఏడాది ఇంట్లో మొదట కోత పడేది ఎవరి ఫీజు మీదో చెప్పక్కర్లేదు. కానీ ఈ ప్రమాదం బయటికి వెళ్లే తలుపు వల్ల వచ్చేది కాదు, తిరిగి వచ్చే తలుపు మూసి ఉండడం వల్ల వచ్చేది. డిప్లొమా పుచ్చుకుని వెళ్లిన అమ్మాయి నాలుగేళ్లకు ఖమ్మంలోనో, గుంటూరులోనో మూడో ఏట చేరగలిగితే ఆ ఆపడం విరామం. చేరలేకపోతే ఆమెకు మిగిలేది ఎవరూ అడగని కాగితం. కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లు క్రెడిట్ బదిలీని వద్దనడం కంటే, బదిలీ హామీ లేకుండా ఈ మధ్య సర్టిఫికెట్లు ఇవ్వవద్దని పట్టుబట్టడం న్యాయం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1988లో చట్టంతో ఏర్పడ్డ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2015 తర్వాత డిగ్రీ కోర్సులకు ఉమ్మడి సిలబస్ చట్రాన్ని ఇస్తూనే ఉంది. అందువల్ల కృష్ణా, నాగార్జున, ఆంధ్రా యూనివర్సిటీల బి.ఎస్సీ., బి.కాం. పాఠ్యాంశాలు చాలామటుకు ఒకటే. ఈ మూడింటి మధ్య సమానత్వ పట్టికను ఒక వేసవి సెలవుల్లో సిద్ధం చేయవచ్చు. కాకతీయ, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలతో అంతకంటే ఎక్కువ పని ఉంటుంది, అయినా ఒకప్పుడు మద్రాసు, హైదరాబాదు మధ్య కుదిరిన దానికంటే కష్టం కాదు. పట్టిక వెబ్‌సైటులో అందరికీ కనపడాలి, చేరడానికి ముందే విద్యార్థికి తన క్రెడిట్లు ఎన్ని నిలుస్తాయో తెలియాలి. ఏదైనా సబ్జెక్టును కాదంటే ఎందుకు కాదన్నారో బోర్డ్ ఆఫ్ స్టడీస్ గడువులోగా రాతపూర్వకంగా చెప్పాలి. తన చదువు సమానమని రుజువు చేసుకునే భారం ఇప్పుడు ఫైలు పట్టుకుని తిరిగే విద్యార్థి మీద ఉంది. సమానం కాదని రుజువు చేసే భారం దాన్ని కాదనే యూనివర్సిటీ మీద ఉండాలి.